చలివేంద్రంలో పచ్చిమామిడి పానకం పోయండి

సంపాదకులకు నమస్కారం.

మార్చి సగం దాటిందంటే ప్రతి పత్రికలోనూ ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: "ద్రవ పదార్థాలు ఎక్కువగా తీసుకోవాలి." మీ పత్రికలోనూ మొన్న అదే వాక్యం వచ్చింది. మాట మంచిదే. అయితే అది చదివిన మనిషి దుకాణానికి వెళ్లి ఏ సీసా కొంటున్నాడో, దాన్ని నమ్మి వీధి మలుపులో చలివేంద్రం పెట్టినవాళ్లు గ్లాసుల్లో ఏమి పోస్తున్నారో రోజూ చూస్తున్నాను కనుక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఏ ద్రవమో చెప్పండి. దేనితో చేయాలో, ఎంత తీపి వేయాలో, ఎంతసేపు ఉంచవచ్చో చెప్పండి. మీకు చోటు చాలదనుకుంటే ఈ ఉత్తరం వేయండి.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఉండేది సరూర్‌నగర్‌లో. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్లూ మామిడి కాలంలో మా వీధికి తెల్లవారేది లారీల హారన్లతోనే. 2021లో మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. రద్దీ తగ్గిందని చాలామంది సంతోషించారు. నాకు మాత్రం లోటుగానే ఉంది. ఎండాకాలం పొద్దున్నే సంచి పట్టుకుని వెళ్లి, నలుగురు వ్యాపారుల దగ్గర కాయ ముట్టుకుని, వాసన చూసి, బేరమాడి తెచ్చుకునే అలవాటు పోయింది. ఇప్పుడు రైతుబజారే దిక్కు. అయినా పండు మాత్రం దొరకకుండా పోలేదు. దొరుకుతున్న పండును వదిలేసి దాని రంగు పూసుకున్న పొడిని తాగుతున్నామన్నదే నా బాధ.

మా కాలనీ మలుపు దగ్గర ఏటా చలివేంద్రం పెడతారు. షామియానా, రెండు మట్టి రంజన్లు, వాటికి చుట్టిన తడి గోనె, స్టీలు గ్లాసులు, ఇవే దాని సరంజామా. ఒక ఏడాది ఒక పానీయాల సంస్థ మనిషి వచ్చాడు. మంచినీళ్లు మాత్రమే ఎందుకు, మా పొడి ప్యాకెట్లు ఉచితంగా ఇస్తాం, పెద్ద క్యాను ఇస్తాం, మా బ్యానరు కట్టండి చాలన్నాడు. కమిటీ వాళ్లు సంబరపడ్డారు. నేను ఒక ప్యాకెట్ తీసుకుని వెనుక ఉన్న చిన్న అక్షరాలు అందరికీ వినబడేలా చదివాను. మొదట చక్కెర, తర్వాత పులుపుకోసం సిట్రిక్ ఆమ్లం, తర్వాత రంగు, తర్వాత వాసన. ముందువైపు నారింజపండ్ల బొమ్మ ఎంత పెద్దగా వేసినా లోపల నారింజ లేదు. ఎండలో తోపుడుబండి నెట్టుకొచ్చే మనిషికి, ఇటుకలు మోసి వచ్చే అమ్మకు పుణ్యమని చెప్పి మనం ఇచ్చేది ఇదా అని అడిగాను. "మరి మీరేమి ఇస్తారు టీచరమ్మా?" అని కమిటీ అధ్యక్షుడు అడిగారు. పచ్చిమామిడికాయ పానకం అన్నాను. ఆ ఏడాది నుంచి మా చలివేంద్రంలో నీళ్లతో పాటు అదే పోస్తున్నాం. మా వాడలో ఆడవాళ్లు వంతులు వేసుకుని చేస్తున్నారు.

వేసవిలో ఇన్ని పండ్లుండగా పచ్చిమామిడే ఎందుకని చాలామంది అడుగుతారు. పుచ్చకాయ చల్లన కదా, చవక కదా అంటారు. ఇంట్లో కోసుకుని వెంటనే తాగడానికి పుచ్చకాయకు సాటి లేదు, నేనూ ఒప్పుకుంటాను. నీడలో నలభై డిగ్రీలున్న చోట డ్రమ్ములో గంటల తరబడి ఉంచడానికి మాత్రం అది పనికిరాదు. పుచ్చకాయలో పులుపు దాదాపు లేదు. తీపి, తేమ, వేడి మూడూ కలిసినప్పుడు సూక్ష్మజీవులు ఎంత వేగంగా పెరుగుతాయో పదో తరగతి పిల్లలకు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. 32 డిగ్రీలు దాటిన వేడిలో కోసిన పుచ్చకాయను గంటకు మించి బయట ఉంచవద్దని ఆహార భద్రత నిపుణులు చెబుతారు. పైగా నేలమీద పండే కాయ అది. తొక్కమీదున్న మట్టిని కడగకుండా కోస్తే కత్తితో పాటు ఆ మట్టిలోని క్రిములు కూడా లోపలి గుజ్జులోకి వెళతాయి. రోడ్డు పక్కన ముక్కలు కోసి పళ్లెంలో పేర్చి, పైన మంచుగడ్డ పెట్టి అమ్మేచోట ఈ జాగ్రత్తలు ఎవరు చూస్తారు? ఆ మంచు ఏ నీటితో చేసిందో, ఏ గోనెసంచిలో వచ్చిందో ఎవరికి తెలుసు?

పచ్చిమామిడి స్వభావమే వేరు. పుల్లగా ఉంటుంది కనుక తొందరగా చెడదు. ఉడికించి చేస్తాం కనుక కాయతో వచ్చిన క్రిములు అక్కడే చస్తాయి. కార్బైడు బెడద కూడా దీనికి లేదు. మామిడిని మగ్గపెట్టడానికి కాల్షియం కార్బైడు వాడటం మన దేశంలో నిషేధం, నూరు పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో నూరు పాళ్లకు మించకుండా ఇథిలీన్ వాయువు వాడటానికే అనుమతి ఉంది. అయినా ప్రతి వేసవిలోనూ ఎక్కడో ఒకచోట కార్బైడు ప్యాకెట్లు పట్టుబడ్డాయని మీరే వార్త రాస్తారు. మగ్గవలసిన అవసరమే లేని కాయకు ఆ మందుతో ఎవరికీ పని ఉండదు. ఇక ధర సంగతి. ఈదురుగాలి వచ్చిన మర్నాడు రైతుబజారులో రాలిన కాయలు రాశులు పోసి ఉంటాయి. ఒక రాత్రి గాలికి సగం కాపు నేలపాలైన రైతు ఆ కాయను ఎంతకైనా ఇచ్చేస్తాడు. ఊరగాయకు అవి పనికిరావు, దెబ్బ తగిలిన చోట కుళ్లు పట్టి జాడీ మొత్తం పాడవుతుంది. పానకానికి మాత్రం దెబ్బ తిన్నంత మేర కోసి పారేస్తే మిగిలింది చక్కగా పనికొస్తుంది. రాలిన కాయకు గిరాకీ పెరిగితే ఆ రైతుకు నాలుగు రూపాయలు మిగులుతాయి. జగిత్యాల, కొల్లాపూర్ తోటలవాళ్ల కష్టం తెలిసినవాళ్లెవరూ ఈ మాటను చిన్నగా చూడరు.

ఇప్పుడు చేసే పద్ధతి చెబుతాను. ఇది తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. నేను చూసినంతలో తెలిసినవాళ్లు కూడా తీపి, నీళ్ల లెక్క దగ్గర తడబడుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

కాయ పుల్లటిది కావాలి. టెంక గట్టిపడిన నాటు కాయ మంచిది. కలెక్టర్ కాయ అని పిలిచే తోతాపురి ఉప్పూకారం అద్దుకుని తినడానికి బాగుంటుంది, పానకానికి దాని పులుపు చాలదు. లోపల టెంక పట్టని మరీ లేత పిందెలైతే వగరు వస్తుంది. కాయలు తేగానే తొడిమలు తీసి, తొడిమ వైపు కిందికి ఉండేలా ఒక గంట నీళ్లలో నిలబెట్టండి. సొన అంతా నీళ్లలోకి దిగిపోతుంది. ఈ పని ఎగ్గొడితే పానకం గొంతులో గరగరలాడుతుంది, కొందరికి పెదవుల చుట్టూ మంట పుడుతుంది. తర్వాత శుభ్రంగా కడిగి, కాయలు కాయలుగానే మునిగేన్ని నీళ్లు పోసి, తొక్క రంగు మారి పగిలేదాకా ఉడికించండి. కుక్కరయితే రెండు మూడు కూతలు చాలు. బొగ్గుల కుంపటి ఉన్నవాళ్లు కాల్చవచ్చు. కాల్చిన కాయకు వచ్చే పొగ వాసన ఉడికించిన దానికి ఎప్పటికీ రాదు, ఇంట్లో నలుగురి కోసం చేసేటప్పుడు నేను గ్యాసు మంట మీద జాలీ పెట్టి కాలుస్తాను. ఇరవై కిలోలు కాల్చమంటే మాత్రం ఎవరి వల్లా కాదు.

చల్లారాక తొక్క వలిచి, చేత్తో పిసికి టెంక తీసేయండి. చేయి శుభ్రంగా కడుక్కోండి, లేదా గరిటెతో మెదపండి. మిక్సీ వద్దంటాను. మిక్సీలో పీచు కూడా నలిగి పానకంలో కలిసిపోతుంది, నోటికి నలకల్లా తగులుతుంది, నురుగు కడుతుంది. చేత్తో మెదిపి జల్లెడలో వడకడితే పీచు పైన ఆగుతుంది, గుజ్జు కిందికి నున్నగా దిగుతుంది. పచ్చిమామిడిలో పెక్టిన్ బాగా ఉంటుంది, జామ్ గట్టిపడటానికి కారణమయ్యే పదార్థమే అది. పానకం నీళ్లలా తేలిపోకుండా కాస్త చిక్కగా నోటికి ఆనడం దాని వల్లనే. వేరే ఏదీ కలపనక్కరలేదు.

ఒక కిలో కాయలకు పావుకిలో కంటే కొంచెం తక్కువ, అంటే 240 గ్రాముల బెల్లం. బెల్లాన్ని గ్లాసుడు నీళ్లలో కరిగించి, ఒక పొంగు రానిచ్చి, పలుచటి బట్టలో వడకట్టాలి. ఎంత మంచి బెల్లంలోనైనా అడుగున ఇసుక, చెరకు పిప్పి కనిపిస్తాయి. తెల్లగా మెరిసే బెల్లం కంటే ముదురు గోధుమరంగుదే కొనండి, రంగు తీయడానికి మందు కొట్టిన బెల్లమే తెల్లగా తళతళలాడుతుంది. ఈ బెల్లపు నీళ్లను గుజ్జులో పోసి, చెంచాన్నర ఉప్పు, వేయించి దంచిన జీలకర్ర పొడి రెండు చెంచాలు, కొద్దిగా మిరియాల పొడి కలపండి. నల్లుప్పు ఉంటే సగం అది వేయండి. అంతా కలిపి ఇంచుమించు లీటరు అవుతుంది. దానికి మూడు లీటర్లు, కాచి చల్లార్చిన నీళ్లు పోస్తే నాలుగు లీటర్ల పానకం. ఇరవై గ్లాసులు. పుదీనా ఇష్టమైనవాళ్లు ఇంట్లో వేసుకోండి. చలివేంద్రంలో వేయవద్దు, ఆకు ఎండకు నల్లబడి పానకం రంగు చెడుతుంది, చూసినవాళ్లు అనుమానపడతారు.

ఈ లెక్కన లీటరుకు 60 గ్రాముల బెల్లం పడుతుంది. మా దగ్గర మొదట్లో కొందరు ఇదేమి తీపి, సరిపోలేదన్నారు. శ్రీరామనవమి పానకం తాగే నాలుకలు మరి. దుకాణంలో దొరికే మామిడి పానీయాల సీసా వెనక్కి తిప్పి చూడండి, నూరు మిల్లీలీటర్లకు పది గ్రాములకు పైగా చక్కెర ఉన్నవే ఎక్కువ. మన పానకంలో అదే కొలతకు ఆరు. చట్టం ప్రకారం పండ్ల పానీయమని అమ్మడానికి అందులో పది శాతం పండ్ల రసం ఉంటే చాలు, నిమ్మకైతే ఐదు శాతమే. మిగిలింది నీళ్లూ చక్కెరా. నీళ్లు ఎక్కువ ఉండటాన్ని నేను తప్పు పట్టను. ఎండలో ఒంటికి కావలసింది ముందు నీళ్లే, పండు ఆ నీటికి రుచినిచ్చి ఇంకో గ్లాసు తాగించాలి. నీళ్లకు రుచి పుట్టించే పనిని పులుపుకూ ఉప్పుకూ జీలకర్రకూ అప్పగించకుండా మొత్తం చక్కెర నెత్తిన పెట్టడమే తప్పు. తీపి ఎక్కువైన పానీయం తాగాక నోరు పిడచగట్టుకుపోయి మళ్లీ దాహం వేస్తుంది. ఇది ఎవరికి వారు ఒక మధ్యాహ్నం గమనించుకోవచ్చు.

చలివేంద్రం నడిపేవాళ్లకు ఇంకొక మాట. పానకం మొత్తం పొద్దున్నే కలిపి పెట్టకండి. గుజ్జును చిక్కగానే మూత బిగించిన స్టీలు డబ్బాల్లో ఎవరి ఇంటి ఫ్రిజ్‌లోనైనా ఉంచి, రెండు గంటలకొకసారి కావలసినంత తెచ్చి నీళ్లు కలపండి. సాయంత్రానికి కలిపింది మిగిలితే పారబోయండి, రేపటికి దాచకండి. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు ఈ పులుపుకు పనికిరావు, కిలుము పడుతుంది. స్టీలు క్యానే వాడండి. మట్టి రంజన్‌లో పానకం పోయాలన్న ఆలోచన చూడటానికి అందంగా ఉంటుంది గాని, మట్టి కుండ గోడల్లోకి బెల్లం ఇంకి, ఎంత తోమినా పోక, మర్నాటికి పులిసిన వాసన వస్తుంది. రంజన్‌ను నీళ్లకే ఉంచండి. పానకం చల్లబరచడానికి స్టీలు క్యాను చుట్టూ తడి గోనె చుట్టి నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. ఏప్రిల్‌లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కనుక గోనెలోని తడి త్వరగా ఆరుతూ క్యానులోని వేడిని లాగేస్తుంది. ఐసు ముక్క అవసరం లేదు. ఫ్రిజ్‌లోంచి తెచ్చిన గుజ్జు, రంజన్‌లోంచి ముంచిన నీళ్లు, ఈ రెండూ కలిస్తే వచ్చే చల్లదనం గొంతుకు హాయిగా ఉంటుంది. కాకపోతే కాచిన నీళ్లనే ముందు రోజు రాత్రి శుభ్రమైన రంజన్‌లో పోసి మూత పెట్టి ఉంచాలి. ట్యాంకరు నీళ్లు నేరుగా పోయకూడదు. గ్లాసులు కడగడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి. పానకం ఎంత శుద్ధిగా చేసినా ఒకే బకెట్టు నీళ్లలో వందమంది గ్లాసులు ముంచి తీస్తే చేసిన పని మొత్తం వృథా.

ఇంటి కోసమైతే పండ్లకు కొదవ లేదు. ముఖ్యంగా బత్తాయి గురించి చెప్పాలి. మనకు వంద కిలోమీటర్ల దూరంలో నల్గొండ జిల్లా ఉంది, రాష్ట్రంలో బత్తాయికి పెట్టింది పేరు. అక్కడి కాయ లారీలకెక్కి ఉత్తరాది నగరాలకు పోతుంది, మనమేమో నారింజరంగు పొడి కలుపుకుంటున్నాం. బత్తాయి రసం చేదు వస్తుందని చాలామంది ఇంట్లో చేసుకోరు. ఆ చేదు ఎక్కడిదో తెలిస్తే మానరు. తొనల మీది తెల్లటి పొరలోనూ గింజల్లోనూ ఉండే ఒక పదార్థం రసంలోని పులుపుతో కలిసి కాసేపటికి లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. పిండగానే తియ్యగా ఉన్న రసం అరగంట తర్వాత చేదెక్కడానికి కారణం ఇదే. కాయను తొక్కతో సహా యంత్రంలో పెట్టి నలిపినా, గింజలతో సహా మిక్సీలో వేసినా ఆ చేదు ఇంకా ఎక్కువ దిగుతుంది. అందుకని బత్తాయిని అడ్డంగా కోసి, గింజలు చాకు మొనతో తీసేసి, నిమ్మకాయ పిండినట్లే మరీ అడుగంటా నొక్కకుండా పిండాలి. చిటికెడు ఉప్పు వేసి, సగానికి సగం నీళ్లు కలిపి అక్కడికక్కడే తాగేయాలి. ఉప్పు నాలుకకు చేదు తెలియకుండా చేస్తుంది. చక్కెర అసలే అక్కరలేదు. బత్తాయి రసం సీసాలో పోసి ఆఫీసుకు తీసుకెళదామనుకునేవారు మాత్రం ఆ ఆలోచన మానుకుని కాయలే సంచిలో వేసుకోండి.

పుచ్చకాయ రసానికి కూడా గింజలు నలగకూడదు. ముక్కల్ని గిన్నెలో వేసి పప్పుగుత్తితో మెదిపి వడకట్టి, ఒక నిమ్మకాయ పిండి, చిటికెడు మిరియాల పొడి చల్లి వెంటనే తాగాలి. నిమ్మ పిండకపోతే అది తియ్యటి నీళ్లలా ఉంటుంది. ఖర్బూజ వాసన ఉన్నదైతేనే కొనండి, తొడిమ దగ్గర వాసన రాని కాయ ఎంత చక్కెర పోసినా పలకదు. నల్లద్రాక్షను చేత్తో చిదిమి, గోరువెచ్చగా చేసి వడకడితే తొక్కలోని రంగంతా రసంలోకి వస్తుంది. ఒకప్పుడు ఈ నగరం చుట్టూ అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోటలు పందిళ్లు పందిళ్లుగా ఉండేవి, ఇప్పుడు ఆ నేలల్లో ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి. ముంజలను రసం చేయడం నాకు నచ్చదు. వాటిని వాటిలాగే తినాలి.

ఫాల్సా సంగతి మాత్రం తప్పక రాయాలి, ఎందుకంటే కొత్తతరం పిల్లలకు ఆ పేరే తెలియదు. పాతబస్తీలో ఏప్రిల్, మే నెలల్లో బండ్ల మీద కనిపించే చిన్న ఊదారంగు పండ్లు అవి, బఠాణీ గింజంత ఉంటాయి. నాతో పాటు పనిచేసిన ఉర్దూ పంతులమ్మ ప్రతి వేసవిలో ఒక పొట్లం తెచ్చి నాకు ఇచ్చేవారు. ఆమె దగ్గరే ఆ షర్బత్ నేర్చుకున్నాను. పండ్లను కడిగి, ఉప్పు, కొంచెం చక్కెర చల్లి గంటసేపు వదిలేస్తే మెత్తబడతాయి. అప్పుడు కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ చేత్తో పిసికి వడకట్టాలి, గింజ నలగకూడదు. ఆ రంగు, ఆ పులుపు ఏ పొడిలోనూ ఎవరూ పుట్టించలేరు. పండు ఒకటి రెండు రోజులు కూడా నిలవదు, అందుకే పెద్ద దుకాణాలు దాన్ని ముట్టుకోవు. బండివాళ్లు తేవడం మానేస్తే నగరంలోంచి పూర్తిగా మాయమవుతుంది. కనబడితే కొనండి, బేరమాడకండి.

ఇంత చెప్పినదాన్ని ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ పానకాలేవీ వాంతులు, విరేచనాలు అవుతున్న పిల్లలకు మందు కావు. అప్పుడు ఓఆర్ఎస్ ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే, దానికి తగిన పాళ్లలో లవణాలు ఉంటాయి. మన పానకంలో బెల్లం అందుకు నాలుగు రెట్లకు పైనే. విరేచనాలప్పుడు అంత తీపి పేగుల్లోకి నీటిని ఇంకా లాగి బిడ్డను మరింత నీరసపరుస్తుంది. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని తీపి పానీయాలు అమ్మడం మీద మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు అలా వాడరాదని ఆదేశించింది. ఒక్క డాక్టరు పట్టుదల దేశమంతటా సీసాల మీది అక్షరాలను మార్చింది. అలాగే మధుమేహం ఉన్నవారు బెల్లం గనుక ఫరవాలేదనుకోకండి, ఒంటికి బెల్లమైనా చక్కెరైనా ఒకటే. వాళ్లకు ఇదే పానకం బెల్లం లేకుండా, కాస్త పలుచగా, ఉప్పూ జీలకర్రతో చేసివ్వండి, చారులా బాగుంటుంది. రక్తపోటుకు ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు ఉప్పు మానుకోండి.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం పాఠశాలలు. మార్చి మధ్య నుంచి మనకు ఒంటిపూట బడులు. ఎండదెబ్బ తగలకూడదని పెట్టిన ఏర్పాటే, నేను కాదనను. కానీ పన్నెండున్నరకు బడి వదులుతారు. సరిగ్గా నడినెత్తిన సూర్యుడున్నప్పుడు పిల్లలు పుస్తకాల సంచులు వీపున వేసుకుని ఇళ్లకు నడుస్తారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను గేటు దగ్గర నిలబడి చూసేదాన్ని. మొహాలు కందిపోయి ఉండేవి. చేతిలో రూపాయి ఉన్న పిల్లలు గేటు బయట రంగు ఐసు కొనుక్కునేవారు, లేనివాళ్లు వాళ్లను చూస్తూ వెళ్లేవారు. మధ్యాహ్న భోజనంతో పాటు, బడి వదిలే ముందు, ప్రతి బిడ్డకూ ఒక గ్లాసు పచ్చిమామిడి పానకం ఇవ్వడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు. రెండు వందల మంది పిల్లలున్న బడికి రోజుకు నలభై లీటర్లు కావాలి. పది కిలోల కాయలు, రెండున్నర కిలోల లోపు బెల్లం, కాస్త ఉప్పు, జీలకర్ర. మార్చి, ఏప్రిల్ నెలలు పచ్చికాయ సమృద్ధిగా, చవకగా దొరికే రోజులే.

వంట చేసే అమ్మలకు ఇది అదనపు పని అవుతుందని ఉపాధ్యాయులు అంటారు. నిజమే. ఆ పనికి విడిగా డబ్బు ఇవ్వాలి, నెల నెలా ఆలస్యం లేకుండా ఇవ్వాలి. నగరంలో చాలా బడులకు భోజనం బయటి పెద్ద వంటశాలల నుంచి వస్తోంది కనుక అక్కడే గుజ్జు తయారుచేసి డబ్బాల్లో పంపితే, బడిలో నీళ్లు కలిపితే సరిపోతుంది. బడిలో శుద్ధి చేసిన నీళ్లు ఉండాలన్నది మాత్రం ముందు తేలవలసిన సంగతి. కొళాయి ఎండిపోయిన బడికి పానకం పథకం పెట్టి ప్రయోజనం లేదు. విద్యాశాఖ అధికారులు అన్నిచోట్లా ఒకేసారి మొదలుపెట్టనవసరం లేదు. నీటి శుద్ధి యంత్రం పనిచేస్తున్న కొన్ని బడులను ఎంచుకుని వచ్చే వేసవికి మొదలుపెట్టమనండి. కావలసివస్తే గుజ్జు చేసే పద్ధతి నేర్పడానికి మా కాలనీ ఆడవాళ్లం వస్తాం.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. బంగారం ధర, వెండి ధర రోజూ వేస్తారు. మార్చి నుంచి మే వరకు ఈ మూడు నెలలైనా వాటి పక్కనే సరూర్‌నగర్, మెహిదీపట్నం, ఎర్రగడ్డ రైతుబజార్లలో పచ్చిమామిడి, నిమ్మ, బత్తాయి, పుచ్చకాయ కిలో ఎంతో రోజూ వేయండి. చలివేంద్రాల వాళ్లు, బడి కమిటీల వాళ్లు ఆ ధర చూసుకుని కాయలు కొనుక్కుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
సరూర్‌నగర్, హైదరాబాద్.